రబ్బరు బూట్ల జోస్యం

శుక్రవారం నుంచి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడని కార్మెల్, ఆదివారం మధ్యాహ్నం ఉడికించిన బంగాళాదుంపల గిన్నె బల్ల మీద పెట్టి, నోరు విప్పింది.

“దిగువ పొలం చెట్ల కంపెనీకి ఇచ్చేస్తున్నాను. రేపు పొద్దున వాళ్ల మనిషి వస్తాడు. సంతకం పెట్టేస్తాను.”

భర్త మాలకీ చేతిలో ఫోర్కు మాంసం ముక్క దగ్గరే ఆగిపోయింది. కూతురు ఊనా ఆమె ముఖంలోకి చూసింది. కోపంలో అన్న మాటేమోనని వెతికింది. కోపం కనిపించలేదు. కార్మెల్ క్యాబేజీ వడ్డించుకుంటోంది.

“డెక్లన్‌తో ఫోన్లో మాట్లాడాను. వాడూ డబ్లిన్ నుంచి వస్తున్నాడు,” అంది.

దిగువ పొలం కార్మెల్ పుట్టింటిది. చెరువు ఒడ్డున, నీరు నిలవని ఒకే ఒక్క నేల. మాలకీకి తన తండ్రి నుంచి వచ్చిందంతా గుట్ట మీద. వాన పడితే మోకాలి దాకా దిగబడుతుంది, గడ్డికన్నా తుంగ ఎక్కువ మొలుస్తుంది. దిగువ పొలం పోతే ఆవులకు చలికాలం మేత ఉండదు. మేత లేకపోతే ఆవులు ఉండవు. ఈ లెక్క ఆ ఇంట్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

అక్కడ కలపకు పెంచే స్ప్రూస్ మొక్కలు నాటించి ఊరుకుందామని కొడుకు డెక్లన్ రెండేళ్లుగా పోరుతున్నాడు. నాన్న తుంటి అరిగిపోయిందని, చెట్లకు పాలు పితకక్కర్లేదని, సర్కారు కూడా ఏటా ఎంతో కొంత ఇస్తుందని అతని వాదన. మొన్న క్రిస్మస్‌కి కూడా అడిగితే కార్మెల్ కొడుకు మీద విరుచుకుపడింది. మా నాన్న రాళ్లేరి గడ్డి మొలిపించిన చోట చీకటి మొలిపిస్తావా అంది. వానల జిల్లా లైట్రిమ్ గుట్టల్లో అప్పటికే సగం పొలాలు చెట్ల కిందికి పోయాయి. పక్క మలుపులో ఉన్న హెరాటీ వాళ్ల ఇంట్లో మిట్టమధ్యాహ్నం కూడా దీపం వెలుగుతుంది. మూడు వైపులా చెట్లు లేచి కిటికీలు మూసేశాయి.

అంత మాటన్న మనిషి ఇప్పుడు సంతకం పెడతానంటోంది. ఎందుకో ఊనాకు తెలుసు. కారణం ఫ్రిజ్ మీద, రొట్టెల డబ్బా కింద ఉంది.

అది స్కూలు వీడ్కోలు సంచిక. ఆఖరి ఏడాది పిల్లలు చివరి పరీక్షలకు ముందు వేసుకునే పుస్తకం. అందులో ప్రతి ఒక్కరి ఫొటో కింద ‘ఇరవై ఏళ్ల తర్వాత’ అని ఒక జోస్యం ఉంటుంది. రాసేది ఊనా ప్రాణ స్నేహితురాలు ఓర్లా. ఓర్లా నోట్లో నువ్వుగింజ నానదు. కలం అంతకన్నా తొందర. రోజూ బస్సు తప్పిపోయే ఫర్గల్ రవాణా మంత్రి అవుతాడట, ప్రమాణస్వీకారానికి ఆలస్యంగా వస్తాడట. కప్పను కోసిన రోజు సొమ్మసిల్లి పడిపోయిన బ్రెండన్ పశువుల డాక్టరు అవుతాడట, అతని ఆసుపత్రిలో రెండు మంచాలుంటాయట, ఒకటి ఆవుకు, ఒకటి డాక్టరుకు. కన్‌సెప్టా రేడియోలో వార్తలు చదువుతుందట, చాలని రోజున తనే పుట్టిస్తుందట.

ఊనా ఫొటో కింద ఇలా ఉంది: ‘ఇరవై ఏళ్ల తర్వాత కూడా రబ్బరు బూట్లలోనే. నలభై ఆవులు, మొగుడు లేడు. ఎందుకు లేడంటే, ఆవులు ఒప్పుకోలేదు.’

శుక్రవారం సాయంత్రం ఆ పుస్తకం చదివాక కార్మెల్ మూగబోయింది. ఈ పొద్దున పూజ అయ్యాక చర్చి మెట్ల మీద అది ముదిరింది. పోస్టాఫీసు ఆవిడ నవ్వుతూ వచ్చి, ఊనా గడ్డం పట్టుకుని, ఏమ్మా ఆవులు ఎవరినైనా ఒప్పుకున్నాయా అని అడిగింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఊనా కూడా నవ్వి, ఇంకా సంబంధాలు చూస్తున్నాయంది. కార్మెల్ ఎవరి కోసమూ ఆగకుండా కారెక్కి కూర్చుంది.

“నవ్వులాటకి రాసిందమ్మా అది,” అంది ఊనా ఇప్పుడు.

“నవ్వులాటే. ఊరంతా నవ్వింది. ఎందుకు నవ్వారో తెలుసా? నిజం కాబట్టి. ఆ పొలం ఉన్నంతకాలం నువ్విక్కడి నుంచి కదలవు. అందుకే ఆ పొలం లేకుండా చేస్తున్నాను.”

“నా పేరు చెప్పి పొలం ఇచ్చేస్తావా?”

“నీ పేరు చెప్పి కాదు. నీ కోసం.”

ఊనా తండ్రి వైపు తిరిగింది. మాలకీ నోట మాట రావాలంటే ముందు వాన వెలవాలంటారు ఊళ్లో. లైట్రిమ్‌లో వాన వెలిసేదెప్పుడు? అతను బంగాళాదుంప తొక్క తీసి పళ్లెం అంచున పెట్టాడు. ఇంకొకటి తీసుకుని దాని తొక్క కూడా తీశాడు.

“నాన్నా, నువ్వేమీ అనవా?”

“పొలం మీ అమ్మది,” అన్నాడు మాలకీ.

ఊనా తినకుండానే లేచింది.

*

భోజనాలయ్యాక ఓర్లాను వెంటేసుకుని వాళ్లమ్మ డింప్నా వచ్చింది. కార్మెల్ శనివారమే స్కూలుకు ఫోన్ చేసి ప్రిన్సిపాల్ సిస్టర్ అసంప్టాను నిలదీసింది. సిస్టర్ ఓర్లాను పిలిచి ఇంటికెళ్లి క్షమాపణ చెప్పి రమ్మంది. డింప్నా చేతిలో ఆపిల్ టార్టు ఉంది, ముఖంలో తప్పు చేసిన కళ ఉంది. ఆమె బాధ ఆమెకుంది. ఓర్లా తన ఫొటో కింద, ‘నాలుగో పెళ్లికి మొదటి ముగ్గురు మొగుళ్లనూ పిలుస్తుంది’ అని రాసుకుంది. దేశంలో విడాకుల చట్టం వచ్చి ఇంకా నాలుగు నెలలు కాలేదు, మా ఇంట్లో అప్పుడే లెక్క మొదలైందని డింప్నా టీ ముందు కూర్చుని వాపోయింది.

కార్మెల్ నవ్వలేదు. ఓర్లా వంటింటి మధ్యలో నిలబడి, దారి పొడుగునా బట్టీ పట్టిన పాఠం అప్పజెప్పింది. “మిసెస్ గిల్‌హూలీ, నేను ఆలోచన లేకుండా రాసిన మాటల వల్ల మీకూ మీ కుటుంబానికీ కలిగిన—”

“ఆపవే,” అంది ఊనా తలుపు దగ్గర నుంచి.

ఓర్లా ఆపలేదు. “—కలిగిన కష్టానికి నేను మనస్ఫూర్తిగా—”

“అది రాసింది ఓర్లా కాదు. నేను.”

డింప్నా కప్పు సాసరులో పెట్టేసింది.

ఓర్లా ఊపిరి వదిలింది. ఆమె భుజాలు రెండూ కిందికి దిగాయి. “చెప్పనని ఒట్టేశాను మిసెస్ గిల్‌హూలీ. అందుకే సిస్టర్ దగ్గర కూడా నోరెత్తలేదు. నేను రాసింది వేరే. అది తను చింపేసి, ఇది రాసిచ్చింది.”

“నువ్వేం రాశావు?” అని అడిగింది కార్మెల్.

ఓర్లా ఊనా వైపు చూసింది. ఊనా తల అడ్డంగా ఊపింది. కానీ ఓర్లాను ప్రశ్న అడిగాక ఆపడం ఎవరి తరం.

“‘ఇరవై ఏళ్ల తర్వాత డబ్లిన్ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. రోగులు ఆమెకు భయపడి త్వరగా కోలుకుంటారు,’ అని.”

కార్మెల్ చేతిలో ఉన్న తువ్వాలును మడిచింది. విప్పింది. మళ్లీ మడిచింది. ఆమె ముఖం ఎర్రబడి, తర్వాత తెల్లబోయింది. కూతురు నర్సు కావాలని పదేళ్లుగా ఆమె అనుకోని రోజు లేదు. ఆ మాట అచ్చులోకి వచ్చేదే. సొంత కూతురే చింపేసింది.

“ఎందుకు?” అంది ఊనాతో. గొంతు పైకి లేవలేదు.

“ఈ ఇంట్లో నేనుండిపోతానని మూడుసార్లు చెప్పాను. ఒకసారి నువ్వు రేడియో పెంచావు. ఒకసారి అన్నయ్య నవ్వాడు. ఇంకోసారి నాన్న దూడను చూడాలని లేచెళ్లాడు. మామూలుగా చెబితే ఎవరికీ వినపడలేదు. వేళాకోళం చేసి అచ్చు వేయిస్తే అందరికీ వినపడింది.”

“మా పరువు తీసి వినిపించావు.”

“ఆవులు కాస్తే పరువు పోతుందా? అయితే నాన్నకి ఎన్నేళ్ల కిందట పోయింది?”

ఆ మాట అనకుండా ఉండాల్సిందని అన్న మరుక్షణమే ఊనాకు అనిపించింది. కానీ వెనక్కి తీసుకోలేదు. డింప్నా లేచి, టార్టు వేడిగా ఉండగానే తినమని చెప్పి, కూతురి మోచేయి పట్టుకుని బయటికి నడిపించింది. గేటు దగ్గర ఓర్లా వెనక్కి తిరిగి ఏదో సైగ చేసింది. ఊనా కిటికీలోంచి చూసింది కానీ బదులివ్వలేదు.

*

సాయంత్రం పాల వేళకు పాకలో ఊనా ఒక్కతే ఉంది. మాలకీ గుట్ట మీద తెగిన కంచె చూడ్డానికి వెళ్లాడు. ఇంట్లో గొడవైనప్పుడల్లా ఎక్కడో ఒక కంచె తెగుతుంది. పాల యంత్రం సన్నగా రొద పెడుతోంది. ఆవులు వరసలో నిలబడి నెమరేస్తున్నాయి. ఊనా ఒక ఆవు పొదుగు కడిగి, గొట్టాలు తగిలించి, పక్కదాని దగ్గరికి జరిగింది. ఈ పనిలో ఉన్నంతసేపు ఆమెకు కోపం నిలవదు. ఇవాళ నిలిచింది.

కార్మెల్ లోపలికి వచ్చింది. పూజకు వేసుకున్న బూట్లే ఇంకా కాళ్లకున్నాయి. పేడలో చూసి చూసి అడుగేసి, గోడ పక్కన పొడి చోటు వెతుక్కుని నిలబడింది.

“నాకు నీ వయసప్పుడు లండన్‌లో నర్సింగుకి సీటు వచ్చింది,” అంది.

“తెలుసు.”

“వెళ్లానని తెలుసు. ఎందుకు వచ్చేశానో తెలీదు. మీ తాతకి కాలూ చెయ్యీ పడిపోయాయి. మీ మామ అప్పటికే ఫాదరై ఆఫ్రికా వెళ్లిపోయాడు. దేవుడి పని వదిలి రమ్మని ఎవరంటారు? నన్నన్నారు. రాగలవా అని కాదు, రావాలి అని. చలికాలం మధ్యలో పెట్టె సర్దుకుని వచ్చాను. మర్నాడు పొద్దున ఇదిగో, ఇలాంటి పాకలోనే, నర్సు చేతులతో ఆవుల కాళ్ల మధ్య కూర్చున్నాను. తర్వాత మీ నాన్న వచ్చాడు, పొలాలు పక్కపక్కనే ఉన్నాయన్నారు, పెళ్లయింది. మీ నాన్న మంచివాడు. అది వేరే సంగతి. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.”

ఊనా గొట్టం తగిలించి నిటారుగా నిలబడింది. తల్లి ఇంత పొడుగ్గా మాట్లాడగా ఆమె ఎప్పుడూ వినలేదు. మనసు కరిగింది. కానీ కరిగితే పొలం పోతుందని కూడా తెలుస్తోంది.

“అయితే నన్ను అడుగు,” అంది.

కార్మెల్ చూసింది.

“నిన్ను ఎవరూ అడగకుండా ఇక్కడికి లాక్కొచ్చారు. నువ్వు నన్ను అడగకుండా ఇక్కడి నుంచి తోసేస్తున్నావు. తేడా ఏముంది? అడుగమ్మా. ఒక్కసారి అడుగు.”

కార్మెల్ పెదవులు కదిలాయి. అడుగుతుందనే ఊనా అనుకుంది. యంత్రం రొదలో తనకు వినిపించలేదేమోనని ఒకడుగు ముందుకు కూడా వేసింది.

“పదిహేడేళ్ల పిల్లని ఏమడుగుతాం,” అని కార్మెల్ వచ్చిన దారినే చూసి చూసి అడుగులేస్తూ వెళ్లిపోయింది.

*

సోమవారం పొద్దున ఊనా స్కూలు బస్సెక్కలేదు.

చెట్ల కంపెనీ నుంచి వచ్చిన టాన్సీ అనే కుర్రాడు మర్యాదస్తుడు. కారు దిగగానే కొత్త బూట్లు తొడుక్కుని, అందరికీ పేరుపేరునా షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. సంతకానికి ముందు పొలం ఒకసారి నడిచి, హద్దుల్లో మేకులు పాతాలన్నాడు. డెక్లన్ అతని పక్కన నడిచాడు. వెనక కార్మెల్. అందరికన్నా వెనక తుంటి ఈడ్చుకుంటూ మాలకీ.

దిగువ పొలం గేటు బార్లా తెరిచి ఉంది.

చలికాలం మేతకని రెండు నెలలుగా ఏ పశువునూ తొక్కనివ్వకుండా పెంచిన గడ్డి అది. అందులో ఆవులన్నీ కడుపు దాకా దిగి మేస్తున్నాయి. కొన్ని పడుకున్నాయి. పడుకున్న చోట గడ్డి చాప పరిచినట్టు నేలకు అంటుకుపోయింది. మధ్యలో ఊనా నిలబడి ఉంది, రబ్బరు బూట్లతో, స్కూలు స్వెటర్ మీద తండ్రి పాత వాన కోటుతో.

“నీకు మతి పోయిందా?” అన్నాడు డెక్లన్. “ఇది కోతకుంచిన గడ్డి.”

“ఎవరి కోతకి? రేపటి నుంచి ఇక్కడ చెట్లు కదా. చెట్లకి గడ్డెందుకు?”

“ఊనా, నాన్న నడక చూడు ఒకసారి. ఇంకెన్నాళ్లు పితుకుతాడు?”

“నేనున్నాను.”

“నువ్వు పరీక్షలు రాయాలి.”

“రాస్తాను. నువ్వు డబ్లిన్‌లో కంప్యూటర్ల ముందు కూర్చుని నాన్న తుంటి గురించి బాధపడు. నేను ఇక్కడుండి పాలు పితుకుతాను. ఎవరి పని వాళ్లు చేద్దాం.”

డెక్లన్ ముఖం మాడిపోయింది. అతను చెడ్డవాడు కాడు. చెల్లెలు చెప్పింది అన్యాయమని అతనికి అనిపించింది, సగం న్యాయమేనని కూడా అనిపించింది. ఏం చెయ్యాలో తెలియక ఒక ఆవును అదిలించాడు. అది అతన్ని ఒకసారి చూసి మళ్లీ గడ్డిలో మూతి పెట్టింది.

టాన్సీ మేకుల కట్ట చేతులు మార్చుకుని, ఇంకో రోజు రమ్మంటారా అని మెల్లగా అడిగాడు.

కార్మెల్ గేటు దాటి గడ్డిలోకి నడిచింది. ఊనా ముందు నిలబడింది. ఇద్దరి మధ్యా ఒక ఆవు ఉంది. కార్మెల్ దాని తుంటి మీద అరచేత్తో ఒక్కటి చరిస్తే అది పక్కకు తప్పుకుంది.

“రాత్రంతా ఆలోచించాను,” అంది. “అడుగుతున్నాను. ఉంటావా?”

“ఉంటాను.”

“ఆగు. అంత తేలిగ్గా కాదు. నువ్వు సెప్టెంబరులో మేజరవుతావు. అప్పటిదాకా నేను ఎక్కడా సంతకం పెట్టను. అప్పటిదాకా రెండు పూటలా పాలు నువ్వే పితకాలి. మీ నాన్న చెయ్యి వెయ్యకూడదు. జ్వరమొచ్చినా నువ్వే, వానొచ్చినా నువ్వే, నీ స్నేహితులంతా సముద్రానికి వెళ్లినా నువ్వే. ఒక్క పూట తప్పావో, మర్నాడే ఈ అబ్బాయికి ఫోన్ చేస్తాను.”

“సరే.”

“ఇంకా ఉంది. పరీక్షలు రాయాలి. ఊరికే రాయడం కాదు, నర్సింగు సీటు రావాలి.”

“నేను వెళ్లనని చెబుతుంటే సీటెందుకు?”

“సీటు చేతిలో పట్టుకుని అప్పుడు వద్దను. నాకు చేతిలోది లాగేశారు. ఎవరో లాగేస్తే ఆగిపోయినదానివి నువ్వు కాకూడదు. వెళ్లగలిగి కూడా ఆగావని నాకు కనపడాలి. అప్పుడే నమ్ముతాను.”

ఊనా మనసులో లెక్కేసుకుంది. పరీక్షలకు ఇంకా మూడు వారాలు కూడా లేవు. రసాయన శాస్త్రంలో ఆమె అంతంత మాత్రం. పొద్దున పాలు పితికి, పేడ వాసనతోనే పరీక్ష హాల్లో కూర్చోవాలి. సాయంత్రం వచ్చి మళ్లీ ఇదే. ఊనా ఓడిపోవాలనే తల్లి ఈ పందెం పెట్టిందా, లేక గెలవాలని పెట్టిందా? ఆ ముఖం చూసి చెప్పడం కష్టంగా ఉంది.

“ఒప్పుకున్నాను,” అంది.

టాన్సీ మేకులు తిరిగి కారులో పెట్టుకున్నాడు. డెక్లన్ గేటు మీద మోచేతులు ఆనించి, ఇది పిచ్చి అన్నాడు, ఎవరితోనూ కాదు. అప్పుడు మాలకీ, అంతసేపూ తొక్కుడుపడిన గడ్డిని చూస్తూ నిలబడ్డవాడు, టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

“అయితే రేపటి నుంచి నేను కాస్త ఆలస్యంగా లేస్తాను,” అన్నాడు.

“రేపటి నుంచి కాదు,” అంది కార్మెల్. “ఇవాళ సాయంత్రం నుంచి.”

ఆమె ఇంటి వైపు తిరిగింది. ఊనా గడ్డిని తోసుకుంటూ ఆమె వెనక పరుగెత్తింది.

“అమ్మా, నేను గెలిస్తే? గెలిస్తే పొలం నాకిస్తావా?”

కార్మెల్ ఆగలేదు. నడుస్తూనే అంది.

“గెలిస్తే నీ చేతిలో సీటుంటుంది. నీకూ నాకూ అసలు గొడవ అప్పుడు మొదలవుతుంది.”